మాజీ అధ్యక్షుడికి మొగుడి పదవి

మా వీధి చివర ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఎప్పుడో ఒక్కసారి మండలాధ్యక్షుడిగా చేశాడు. ఆయన కారు మీద 'మండలాధ్యక్షులు' అన్న మాట గుమ్మడికాయంత ఉంటుంది, దాని ముందు 'మాజీ' అన్న మాట ఆవగింజంత ఉంటుంది. ఆ ఆవగింజ కనబడాలంటే కారుకి ముక్కు ఆనించాలి. ఆనిస్తే డ్రైవరు అదిలిస్తాడు. పెళ్ళిలో ముందు వరస కుర్చీ ఆయనదే. చావుకి వెళ్ళినా శవం తరవాత దండ ఆయనకే. ఇలాంటి వాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ రోగానికి మందు మెక్సికోవాళ్ళు కనిపెట్టారు. అక్కడ దేశాధ్యక్షుడి పదవి ఆరేళ్ళు, అదీ ఒక్కసారే. పూర్వం ఒకాయన ముప్ఫయ్యేళ్ళు కుర్చీకి అతుక్కుపోతే, విప్లవం చేసి ఊడబెరికి, ఒకసారి చేసినవాడు జన్మలో మళ్ళీ చెయ్యకూడదని రాజ్యాంగంలో రాసుకున్నారు. మందు మంచిదే. కానీ మందు పోసే చెయ్యి ప్రభుత్వానిదైతే చెంచాడు చాలినచోట బిందెడు తాగిస్తుంది. ఆ బిందెడూ తాగిన ఒక మాజీ అధ్యక్షుడి కథ ఇది. ఫలానా ఆయనేనా అని అడక్కండి. ఆయనా నా కల్పనే, ఆయన్ని వేపుకు తిన్న ఆఫీసూ నా కల్పనే.

ఆయన పేరు ఎలియోదోరో కింతానా. తండ్రి కుండలు చేసేవాడు. కొడుకు లా చదివి రాజధాని చేరాడు, కస్టమ్సులో గుమాస్తా అయ్యాడు, మందులషాపు వాళ్ళ అమ్మాయి ఓతిలియాని ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. ఉద్యోగంలో ఆయన ప్రత్యేకత ఏమిటంటే ఏ మీటింగులోనూ నోరు విప్పలేదు. అక్కడి రాజకీయాల్లో అది పెద్ద చదువు. గుమాస్తా ఆఫీసరయ్యాడు, ఆఫీసరు మంత్రయ్యాడు.

ఆ రోజుల్లో అక్కడొక ఆచారం ఉండేది. దిగిపోయే అధ్యక్షుడు తన తరవాతివాడు ఎవరో వేలు పెట్టి చూపించేవాడు. చూపించేదాకా ఆ మనిషెవరో ఎవరికీ తెలియకూడదు. అందుకని మంత్రులందరూ 'నాకెందుకండీ ఆ పదవి' అంటూ తిరిగేవారు. ఎవడు ఎక్కువసార్లు అక్కర్లేదంటే వాడికి అంత ఆశ ఉన్నట్టు లెక్క. వేలు లేచిందంటే మాత్రం, నిన్నటిదాకా మిగతావాళ్ళ వెనక తిరిగిన జనమంతా గొడ్లమంద మేతకి పడ్డట్టు ఆ వేలు చూపించినవాడి మీద పడేది.

ఒకనాడు మధ్యాహ్నం విందులో పెద్దాయన వేలెత్తాడు. వడ్డించేవాణ్ణి పిలిచి మిరపకాయ పచ్చడి తెమ్మనడానికి ఎత్తాడు. ఆ వేలికి ఎదురుగా, తినడంలో నిమగ్నుడై, ఎలియోదోరో ఉన్నాడు. పచ్చడి వచ్చేలోపల మంత్రులు ఆయన్ని కౌగిలించుకున్నారు, సైన్యాధ్యక్షుడు సెల్యూట్ కొట్టాడు, బయట బ్యాండు మోగింది. పెద్దాయన ఒక క్షణం తెల్లబోయాడు. తన వేలు పొరపాటు పడిందని చెప్పుకోవడం కంటే దేశాన్ని ఇచ్చెయ్యడం తేలికనిపించింది. పచ్చడి కలుపుకుని తిన్నాడు.

అలా అధ్యక్షుడైన ఎలియోదోరోకి మెల్లగా నోరొచ్చింది. వినేవాళ్ళు జీతగాళ్ళయితే ఎవడికైనా వస్తుంది. ఆయన "టైమెంతయింది?" అనడిగితే, అక్కడివాళ్ళు పూర్వంనుంచీ చెప్పుకునే జోకులో లాగానే, "తమరు ఎంతంటే అంత" అనేవారు. దేశం మొత్తం మీద గడియారం చూసి చెప్పే మనిషి ఓతిలియా ఒక్కతే. "నాలుగు దాటింది. నువ్వు భోజనానికొస్తానంది రెండింటికి" అనేది. ఆయనకి అది రాజద్రోహంలా వినబడేది. తింటూ ఉపన్యాసమిచ్చేవాడు. ఆవిడేమైనా అనబోతే చెయ్యెత్తి ఆపేవాడు. నాలుగో ఏట ఆవిడ తన మిరపకాయలు నూరుకునే రోలు ఒకటి చంకన పెట్టుకుని పుట్టింటి మందులషాపుకి వెళ్ళిపోయింది. విడాకుల కాగితం ఫైళ్ళ మధ్యలో వస్తే ఆయన సంతకం పెట్టేశాడు. చదవలేదు. చదవకుండా సంతకం పెట్టడమే ఆయన పరిపాలనకి పునాది.

ఆరేళ్ళూ అయ్యాయి. బ్యాండు ఇంకో ఇంటి ముందు మోగింది. ఎలియోదోరో సొంతింట్లో కూచుని "టైమెంతయింది?" అని అడిగితే గోడలు కూడా పలకలేదు. అప్పుడు తెలిసొచ్చింది ఆయనకి, తన జీవితంలో నిజం చెప్పిన మనిషి ఒక్కతేననీ, ఆవిణ్ణి తనే పోగొట్టుకున్నాననీ. దగ్గు లేకపోయినా దగ్గుమందు కొనడానికి రోజూ మందులషాపుకి వెళ్ళడం మొదలెట్టాడు.

"ఇంత మందు తాగితే పోతావు" అంది ఓతిలియా ఒకరోజు.

"పోయినా నీ కళ్ళముందు పోతాను. నన్ను మళ్ళీ చేసుకో ఓతిలియా. నువ్వు లేకుండా నావల్ల కావట్లేదు."

ఆవిడ సర్దిన సీసాలే మళ్ళీ సర్దింది. ఆవిడకీ ఆ మనిషంటే చచ్చిపోని ప్రేమ ఉంది, అదే ఆవిడ కోపం. "నువ్వు మారావో లేదో నాకెలా తెలుస్తుంది? సరే, ముందు వెళ్ళి పెళ్ళికి ఏం కాగితాలు కావాలో కనుక్కునిరా" అంది.

మాజీ అధ్యక్షుడికి కాగితాలంటే మాజీ అధ్యక్షుల పునఃప్రవేశ నివారణ మండలి అనుమతి. మాజీలు మళ్ళీ పదవికి పోటీ చెయ్యకుండా చూడటం ఆ మండలి పని. రాజ్యాంగం అడ్డంగా ఉండగా పోటీ చేసే పిచ్చివాడెవడూ లేడు కాబట్టి మండలికి పని లేదు. పని లేని మంగలి పిల్లి తల గొరిగాడంటారు. పని లేని ఆఫీసు ఊరందరి తలలూ గొరుగుతుంది. 'మాజీ అధ్యక్షుడు తాను ఒకసారి వహించిన ఏ స్థానమునూ తిరిగి వహించరాదు' అని ఆ మండలి సొంతంగా ఒక నిబంధన తయారుచేసుకుంది.

దాని రుచి ఎలియోదోరో అప్పటికే చూశాడు. దిగిపోయిన కొత్తలో వీధి డామినో ఆటగాళ్ళు పాత స్నేహం కొద్దీ ఆయన్ని సంఘం పెద్దగా ఉండమన్నారు. కుర్చీలో ఇలా కూచున్నాడో లేదో మండలి మనిషి వచ్చి లేపేశాడు, పూర్వం ఒకసారి ఆ సంఘానికి పెద్దగా ఉన్నాడని. ఆ తరవాత పక్కింటివాళ్ళు తమ పసిబిడ్డ బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడమన్నారు. చర్చిలో ఫాదరు నీళ్ళు ఎత్తి పొయ్యబోతుంటే వెనకనుంచి "ఆగుడు!" అని మండలి మనిషి కేక వినబడింది. ఇరవయ్యేళ్ళ కిందట ఆయన ఇంకో బిడ్డకి జ్ఞానతండ్రయ్యాడట. ఫాదరు చేతిలో నీళ్ళు చేతిలోనే ఉన్నాయి, బిడ్డ ఏడుపు లంకించుకుంది. చివరికి బయట టాక్సీలో కునుకుతున్న డ్రైవర్ని లేపి తీసుకొచ్చి జ్ఞానతండ్రిని చేశారు.

మండలి డైరెక్టరు పేరు అర్కాదియో వెర్దుస్కో. పొట్టిగా, ఇస్త్రీగా ఉంటాడు. ఎలియోదోరో ఓతిలియాని వెంటబెట్టుకుని వెళ్ళి సంగతి చెప్పాడు.

డైరెక్టరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మాజీ అధ్యక్షులవారు వివాహమాడుటకు మండలికి ఎట్టి అభ్యంతరమూ లేదు. ఏ స్త్రీనైనను వివాహమాడవచ్చును. ఈమెను తప్ప."

"నాకీవిడే కావాలండీ" అన్నాడు ఎలియోదోరో.

"అదియే చిక్కు. ఈమెకు భర్త అను స్థానమును తమరు ఒక పర్యాయము వహించియున్నారు. రెండవ పర్యాయము వహించుట నిబంధనకు విరుద్ధము. ఇందులకే కదా మన తాతలు విప్లవము చేసినది!"

"మా తాత విప్లవంలో చచ్చిపోయాడు" అంది ఓతిలియా. "నన్ను మొగుడు లేకుండా చెయ్యడానికి చచ్చిపోయానని ఎక్కడా చెప్పలేదు."

"అమ్మగారి ఆవేదన మండలి దృష్టికి వచ్చినది" అన్నాడు డైరెక్టరు. "స్థానము ఖాళీగా నుండుట మాత్రము మండలి సహించజాలదు. కావున పూర్వ సంప్రదాయము ననుసరించి, తమ అనంతరము ఈ స్థానమును వహింపదగిన వ్యక్తిని మాజీ అధ్యక్షులవారు తమ వ్రేలితో సూచింపవచ్చును."

ఎలియోదోరోకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది. పెళ్ళాం మీది ప్రేమతో వచ్చినవాణ్ణి పెళ్ళానికి ఇంకో మొగుణ్ణి చూపించమన్నారు.

సంగతి ఊరంతా పాకింది. మర్నాటినుంచీ మందులషాపు ముందు జనం. పళ్ళ డాక్టరు కొత్త టోపీ పెట్టుకొచ్చి అజీర్తికి మాత్రలు కొన్నాడు. "నాకేం ఆశ లేదమ్మా, ఉన్న పేషెంట్లతోనే తీరిక లేదు" అని అడక్కుండానే చెప్పాడు. రిటైరైన కర్నలు పతకాలన్నీ తగిలించుకొచ్చి, తనకీ పెళ్ళికీ చుక్కెదురన్నాడు, దేశం ఆజ్ఞాపిస్తే మాత్రం సైనికుడు వెనక్కి తగ్గడన్నాడు. ఇక ఎలియోదోరో గతి చెప్పక్కర్లేదు. చెవి దురదపెట్టి వేలెత్తితే చాలు, ఎదురుగా ఉన్నవాడు పులకరించిపోయేవాడు, నలుగురు వాణ్ణి కౌగిలించుకునేవారు. చెప్పులు కుట్టించుకుంటూ తెగినచోటు వేలితో చూపించాడని ఒక సాయంకాలం కుట్టేవాడి ఇంటి ముందు బ్యాండు మోగింది. వాడికి భార్యా ముగ్గురు పిల్లలూ ఉన్నారు. ఆ భార్య చీపురు తీసింది. ఎలియోదోరో ఆ తరవాత రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని తిరిగాడు.

చివరికి ఓతిలియా షాపు మూసి, ఎలియోదోరోని రెక్క పట్టుకుని మండలికి లాక్కెళ్ళింది.

"నాకు మొగుడొద్దు, మొగుడి స్థానమూ వద్దు. ఈయన మా ఇంట్లో ఊరికే ఉంటాడు. చుట్టంగా. దానికేం రూలుంది మీకు?" అంది.

డైరెక్టరు పుస్తకాలన్నీ తిరగేశాడు. మాజీ అధ్యక్షుడు చుట్టంగా ఉండకూడదని ఎక్కడా లేదు. ఆయనకి బాధేసింది. "చుట్టము రూపమున భర్త ప్రవేశించడని పూచీ ఏమి? కావున గడువు విధించి పరిశీలకుని నియమించెదము. భర్తృ లక్షణము ఒక్కటి కానవచ్చినను సదరు వ్యక్తిని తత్క్షణము గృహమునుండి తొలగించెదము. ఆపైన ఇరువురూ ఒకరినొకరు కలుసుకొనరాదు."

"భర్త లక్షణాలంటే ఏమిటి?" అన్నాడు ఎలియోదోరో భయంగా.

డైరెక్టరు అప్పుడే ఆ చిక్కు గమనించాడు. నిబంధనల్లో ఎక్కడా లేవు. డైరెక్టరు బ్రహ్మచారి. "గత పర్యాయమున ఈయన భర్తగా నిర్వహించిన విధులు అమ్మగారే సెలవియ్యవలెను. సాక్షి వారొక్కరే" అన్నాడు.

ఓతిలియా ఒకసారి ఎలియోదోరో వంక చూసింది. "రాసుకోండి" అంది. "తినేటప్పుడు ఉపన్యాసమివ్వడం. నేను చెబుతుంటే చెయ్యెత్తి ఆపడం. చారులో ఉప్పు లేదనడం. తిన్న కంచం ఉన్నచోటే వదిలేసి లేవడం. 'నీకేం తెలుసు' అనడం. తప్పు చేసి, అదెందుకు తప్పు కాదో చెప్పడం."

"ఇంతేనా? ప్రేమించుట మొదలగునవి?"

"అవేమీ లేవండీ గత పర్యాయంలో" అంది ఓతిలియా.

మండలి ఆ వాంగ్మూలాన్ని భర్తకి అధికారిక నిర్వచనంగా ఆమోదించి దేశమంతటికీ పంపించింది. చదివిన ఆడవాళ్ళెవరూ అభ్యంతరం చెప్పలేదట.

పరిశీలకుడి పేరు గుమెర్సిందో. నడివయసువాడు, పెద్ద మీసాలు. వంటింటి కిటికీ అవతల షాపు కుర్చీ ఒకటి వేసుకుని కూచున్నాడు. ఒక్క భర్తృ లక్షణం పట్టుకుంటే ప్రమోషనిస్తామని చెప్పి పంపారు.

మొదటిరోజు భోజనం దగ్గరే గండం వచ్చింది. చారులో నిజంగానే ఉప్పు లేదు. ఎలియోదోరో చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. కిటికీలోంచి మీసాలు ముందుకొచ్చాయి. ఎలియోదోరో ఆ చెంచాడూ మింగి, "ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. మీసాలు నిరాశగా వెనక్కి పోయాయి. తిన్నాక అలవాటుగా లేవబోయి, కిటికీ వంక చూసి, కంచం తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టాడు. ఎలా తోమాలో తెలియలేదు. ఆరేళ్ళు దేశాన్ని ఏలినవాడికి ఒక కంచం లొంగలేదు.

కొన్నాళ్ళకి ఇంకో గండం. ఓతిలియా మొక్కజొన్న రొట్టెలు కాలుస్తూ, ఎలియోదోరో హయాంలో నది మీద కట్టిన వంతెన సంగతెత్తింది. "ఆ వంతెన ఒడ్డు దాకా రాకుండానే నువ్వు రిబ్బను కత్తిరించావు. జనం ఇప్పటికీ పడవలోనే పోతున్నారు" అంది. ఎలియోదోరో ఛాతీ పొంగింది. కుడిచెయ్యి దానంతటదే లేచింది. గుమెర్సిందో కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. ఎలియోదోరో ఆ లేచిన చేత్తోనే రొట్టె అందుకుని నోట్లో కుక్కుకున్నాడు. ఓతిలియా వంతెన గురించి చెప్పాల్సిందంతా చెప్పింది. ఆయన నమలడం తప్ప ఏమీ చెయ్యలేదు. వింటుంటే ఆవిడ చెప్పింది నిజమేననిపించింది.

ఎవరూ ఆపకపోయేసరికి ఆవిడకీ చెప్పుకోవడం అలవాటైంది. షాపు సంగతులు అయ్యాయి, చుట్టుపక్కల వాళ్ళ సంగతులు అయ్యాయి. ఒక మధ్యాహ్నం, చిక్కుళ్ళు ఏరుతూ, తలెత్తకుండానే అంది: "మా అమ్మ పోయినరోజు నేను నీ ఆఫీసుకొచ్చాను. నీకు తెలీదు."

ఎలియోదోరో తోముతున్న కంచం పక్కన పెట్టాడు.

"బయట వసారాలో కూచోబెట్టారు. నా ముందు ఉల్లిపాయల రైతుల సంఘంవాళ్ళున్నారు. వాళ్ళయ్యాక ఎవరో రాయబారి వచ్చాడు. నువ్వు లోపల పెద్దగా మాట్లాడుతున్నావు, నాకు వినబడుతోంది. చీకటి పడ్డాక ఇంటికెళ్ళిపోయాను. నువ్వొచ్చి భోంచేస్తూ ఉల్లిపాయల గురించి ఉపన్యాసమిచ్చావు. నేను నోరు తెరిస్తే చెయ్యెత్తి ఆపావు. ఆ మర్నాడు రోలు పట్టుకుని వెళ్ళిపోయాను."

అత్తగారు పోయిన సంగతి ఆయనకి తరవాత తెలిసింది. పెద్ద పూలదండ పంపించాడు. మిగతాదేమీ తెలీదు. ఆవిడ ఆఫీసుకొచ్చినట్టు తనకి ఎవరూ చెప్పలేదని అనబోయాడు. అది సమర్థించుకోవడం కింద వస్తుంది. చెబుదామని ఆవిడ వస్తే తనే ఆపాడు కూడా. ఏడ్చాడు. కిటికీ అవతల గుమెర్సిందో ముందుకి వంగి చూశాడు. ఏడవడం జాబితాలో లేదు. గుమెర్సిందో తన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఓతిలియా చిక్కుళ్ళ చేట కొంచెం జరిపింది, ఎలియోదోరో కూచుని తనూ ఏరడం మొదలెట్టాడు.

గడువు ముగిశాక మండలి కొలువు తీరింది. హాలంతా జనం. పళ్ళ డాక్టరూ కర్నలూ ముందు వరసలో ఉన్నారు, తమకింకా ఏ ఆశా లేదని అందరితో చెప్పుకుంటూ. డైరెక్టరు గుమెర్సిందోని నిలబెట్టి అడిగాడు.

"ఉపన్యాసము?"

"లేదండి. ఆవిడ ఇస్తుంది, ఈయన వింటాడు."

"ఉప్పు విషయమై ఫిర్యాదు?"

"ఉప్పు లేకపోయినా ఇంకొంచెం వెయ్యమంటాడండి."

"కంచము?"

"తోముతాడండి. మొదట్లో జిడ్డు వదిలేసేవాడు, ఇప్పుడు బాగానే తోముతున్నాడు."

"'నీకేమి తెలియును' అనుట?"

"'నాకేం తెలీదు' అంటాడండి. చాలాసార్లు అన్నాడు."

హాల్లో గుసగుసలు లేచాయి. డైరెక్టరు లేచి నిలబడి తీర్పు చదివాడు. "సుదీర్ఘ పరిశీలనానంతరము, సదరు గృహమందు భర్త అనదగిన వ్యక్తి ఎవ్వరునూ లేరని మండలి నిర్ధారించుచున్నది. కావున ఎలియోదోరో కింతానా అచట యావజ్జీవము నివసించుటకు ఎట్టి అభ్యంతరమూ లేదు. పరిశీలకుని ఉపసంహరించడమైనది."

జనం చప్పట్లు కొట్టారు. ఎలియోదోరో ఓతిలియా వైపు తిరిగాడు. ఆవిడ ముఖంలో సంతోషం లేదు.

"ఆగండి. మీవాణ్ణి తియ్యకండి" అందావిడ.

"ఏమి కారణము?"

"పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను చెప్పింది ఈయన విన్నది మీవాడు కిటికీ దగ్గర కూచున్నాకే. రేపు మీవాడు లేచి వెళ్ళిపోతే ఈయన మళ్ళీ మొగుడైపోతాడు. నాకు భయంగా ఉంది. ఇంకోసారి వెళ్ళిపోయే ఓపిక నాకు లేదు."

"లేని భర్తకు కాపలా ఉంచుటకు నిబంధన లేదమ్మా" అన్నాడు డైరెక్టరు. "అదియునుగాక, ఆ కుర్చీలో ఒక పర్యాయము కూర్చున్న పరిశీలకుడు రెండవ పర్యాయము కూర్చొనరాదు."

గుమెర్సిందో చిన్నబోయాడు. ఓతిలియా వండే చిక్కుళ్ళ కూర ఆయనకి అలవాటైపోయింది.

ఎలియోదోరో లేచాడు. ఉపన్యాసం వస్తుందేమోనని జనం సర్దుకు కూచున్నారు. ఆయన డైరెక్టరు వైపు చూడనే లేదు.

"ఆ కుర్చీ మన షాపుదే కదా, ఓతిలియా. కిటికీ దగ్గరే ఉండనీ. మనిషి ఉన్నాడనుకుంటాను."

ఓతిలియా ఆయన ముఖంలోకి చూసింది. "ఖాళీ కుర్చీకి భయపడతావా?"

"నేనున్న ఆరేళ్ళూ దేశమంతా భయపడింది ఖాళీ కుర్చీకే కదా" అన్నాడాయన.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.